జబ్బ చూపించే పోస్టరమ్మ గారికి

మహాలక్ష్మీ సమానురాలైన రోజీ గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

రోజీ అని రాశాను గానీ, రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికా ఫ్యాక్టరీ పోస్టరులో జబ్బ బిగించి నిలబడ్డ మీ పేరు అది కాదని తెలుసు. ఆ పేరు 1942 నాటి ఓ పాటది. 1943 మే 29న 'సాటర్డే ఈవెనింగ్ పోస్ట్' పత్రిక అట్టమీద నార్మన్ రాక్‌వెల్ గీసిన రోజీ వేరే మనిషి. ఒళ్ళో రివెట్ గన్ (రేకుల్ని కలిపే మేకులు దిగ్గొట్టేది), చేతిలో శాండ్‌విచ్, కాళ్ళ కింద హిట్లర్ పుస్తకం. ఆవిడకు కాపీరైటు ఉంది కాబట్టి మ్యూజియంలో ఉంది. మీకు లేదు కాబట్టి కాఫీ కప్పుల మీదికి ఎక్కారు. మార్చి 8 వస్తే మా హైదరాబాద్ ఆఫీసుల్లోనూ మీ జబ్బే దర్శనమిస్తుంది.

పసుపు పచ్చ గోడ ముందు, తలకు చుక్కల గుడ్డ కట్టుకుని, 'మనం చేయగలం!' అంటున్నారు. ఎవరికి చెబుతున్నారండీ? జె. హోవార్డ్ మిల్లర్ మిమ్మల్ని గీసింది వెస్టింగ్‌హౌస్ కంపెనీ కోసం. మీరు వేలాడింది వాళ్ళ ఫ్యాక్టరీల గోడలకే. అక్కడి ఆడవాళ్ళు చేసేది విమానాలు కాదు, సైనికుల హెల్మెట్ లోపలి తొడుగులు. అదే మిల్లర్ గీసిన ఇంకో పోస్టరు, పని గురించి సందేహాలుంటే సూపర్‌వైజర్‌ని అడగమంటుంది. నాగాలు పెట్టకండి, సమ్మె మాట ఎత్తకండి అన్నదే ఆ పోస్టర్ల సారం. అంటే మీరు బిగించిన జబ్బ మేనేజ్‌మెంటుదన్నమాట!

విమానాలు చేసిన ఆడవాళ్ళలో మీ మొహం చూసినవాళ్ళు దాదాపు లేరు. మిషిగన్‌లోని విల్లో రన్‌లో ఫోర్డ్ కట్టిన ఫ్యాక్టరీ సంగతే చూడండి. బి-24 బాంబర్లు 1944కల్లా గంటకొకటి చొప్పున బయటికొచ్చాయి. ఒక్కో విమానానికి 3 లక్షలకు పైగా రివెట్లు. రివెట్ కొట్టడం ఒంటరి పని కూడా కాదు. బయట ఒకామె గన్ పట్టుకుని రేకులో దిగ్గొడుతుంటే, అవతలి వైపు ఇంకొకామె ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. ఆ దిమ్మకు తగిలితేనే రివెట్ తోక చదునవుతుంది. ఆ రెండో ఆమె ఉండేది చాలాసార్లు రెక్క లోపలి ఇరుకులో, చెవులు చిల్లులు పడే చప్పుడు మధ్య. చేతులు ఒక్క క్షణం అటూ ఇటూ అయితే రివెట్ వంకర. దాన్ని డ్రిల్లుతో తీసేసి మళ్ళీ కొట్టాలి. ఇలా పొద్దస్తమానం, మాట వినబడక, సైగలతో. మీ బొమ్మలో మాత్రం గన్నూ లేదు, దిమ్మా లేదు, తోడు మనిషీ లేదు. పెదాల రంగు చెదరలేదు. సొమ్మొకడిది, సోకొకడిది!

అన్నట్టు, జుట్టు. కంటిమీద పడే జుట్టుకు పేరుపడ్డ సినిమా తార వెరోనికా లేక్ చేత 1943లో ప్రభుత్వం ఆ ఫ్యాషన్ మాన్పించింది. ఆమెను చూసి అలాగే జుట్టు వదిలేసిన అమ్మాయిల తలలు యంత్రాల్లో చిక్కుకుంటున్నాయని. ఆ చుక్కల గుడ్డ ఉన్నది అందుకు. ఇప్పుడది ఫ్యాన్సీ డ్రెస్ సామాను.

మీరు పలికే ఆ 'మనం'లో నల్లజాతి ఆడవాళ్ళు ఉన్నారో లేదో మీ మొహం చూస్తే తెలియదు. 1941లో నార్త్ అమెరికన్ ఏవియేషన్ అనే విమానాల కంపెనీ అధ్యక్షుడు, నల్లవాళ్ళకు ఎంత శిక్షణ ఉన్నా విమానాల పని ఇవ్వం, ఊడ్చే పని ఉంటే చూద్దాం అన్నాడు. నల్లజాతి కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ వేలమందితో వాషింగ్టన్ మీదికి కవాతు చేస్తానంటే గానీ, ఆ జూన్‌లో దేశాధ్యక్షుడు రూజ్‌వెల్ట్, రక్షణ పరిశ్రమల్లో జాతి వివక్ష కూడదన్న 8802 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టలేదు. ఆ తలుపు తెరుచుకున్నది పోస్టరుతో కాదు, బెదిరింపుతో.

మీ మొహం సంగతైనా తేలిందా అంటే అదీ లేదు. 1942లో కాలిఫోర్నియాలోని అలమెడా నౌకాదళ విమాన స్థావరంలో లేత్ యంత్రం మీద వంగి పనిచేస్తున్న నయోమీ పార్కర్ అనే అమ్మాయిని ఫోటో తీశారు. చుక్కల తలగుడ్డతో సహా. మీ బొమ్మకు ఆ ఫోటోయే మూలం కావచ్చంటారు. అయితే ఏళ్ళ తరబడి ఆ ఫోటో కింద వేరే ఆవిడ పేరు అచ్చయింది. పాపం ఆవిడా నిజంగానే అది తానే అనుకుంది. 2011లో యుద్ధకాలపు కార్మికురాళ్ళ కలయికకు వెళ్ళిన నయోమీ, గోడమీద తన ఫోటో, దాని కింద ఇంకొకరి పేరు చూసుకుంది. జేమ్స్ కింబుల్ అనే ప్రొఫెసర్ వెతికి పట్టుకుని 2016లో ప్రచురిస్తే గానీ లోకం నమ్మలేదు. రెండేళ్ళకే, 96 ఏళ్ళ వయసులో, ఆమె వెళ్ళిపోయింది.

యుద్ధం ముగింపుకొచ్చేసరికి ఏరు దాటినవాళ్ళు తెప్ప తగలేశారు. విల్లో రన్‌లో బాంబర్ల తయారీ 1945 జూన్‌లోనే ఆగింది. అమెరికా మహిళా కార్మిక విభాగం అడిగితే, ఆ ఆడవాళ్ళలో నూటికి 75 మంది పని మానబోమని చెప్పారు. అయినా ఇంటికి పంపేశారు, మగవాళ్ళు తిరిగొస్తున్నారు కదా అని. పతకం మాత్రం మరిచిపోలేదు లెండి. 2020లో చట్టం చేసి, 2024 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ బంగారు పతకం ఇచ్చింది. అందుకోవడానికి మిగిలినవాళ్ళలో చాలామంది తొంభైల్లో ఉన్నారు.

చివరిగా ఒక చిన్న మనవి. మీ అడుగున సన్నటి అక్షరాల్లో 'ఫిబ్రవరి 15 నుంచి 28 వరకు అంటించాలి' అని ఉంది. 1943 సంగతి. ఆ ఫ్యాక్టరీల ఆడవాళ్ళు తమ గడువు అయిపోయిందనగానే పనిముట్లు అప్పజెప్పి గేటు దాటారు. మీ గడువు దాటి 80 ఏళ్ళు పైనే అయింది. మీకు నోటీసు అందలేదా?

ఇట్లు,
మీ బొమ్మ ఉన్న కప్పులో కాఫీ తాగుతున్న
ఒక ఉద్యోగిని