ఏడాది లేని జాజ్ పోస్టర్ నకిలీదా? ఎవరు చెప్పారండీ!

"1920ల నాటి డ్యాన్స్ బ్యాండ్ పోస్టర్ అసలైనదైతే దాని మీద ఏడాది ఉంటుంది, పసుపెక్కి ఉంటుంది, అదిరిపోయే బొమ్మ ఉంటుంది, అక్షరాలన్నీ ఒకే తీరులో ఉంటాయి. లేకపోతే కొనకండి." పాత పోస్టర్లు కొనాలనుకునే వాళ్లందరికీ ఈ సలహానే చేరుతోంది. దీన్ని నమ్ముకుంటే అసలువి వదిలేసి నకిలీలు ఇంటికి తెచ్చుకుంటారు.

ముందు ఏడాది సంగతి. అమెరికాలో దుకాణాల అద్దాల్లో పెట్టిన ఈ పోస్టర్లు, అంటే విండో కార్డులు, మామూలుగా 14×22 అంగుళాల అట్టలు. శనివారం ఫలానా హాల్లో డ్యాన్స్ ఉందని ఊరికి చెప్పడమే దాని పని, ఆదివారానికి అది చెత్త, మరి ఏడాది ఎవరు వేస్తారు? వారం, తేదీ, టికెట్ ధర, చాలావాటి మీద అంతే. మిగతాది మనమే లెక్కగట్టుకోవాలి. కాన్సాస్ సిటీ బ్యాండ్ లీడర్ బెన్నీ మోటెన్ పేరుతో "శనివారం, జూలై 4" అని ఒక కార్డు దొరికిందనుకోండి. 1920, 1940 మధ్య జూలై 4 శనివారం పడింది 1925, 1931, 1936ల్లోనే. మోటెన్ 1935లోనే పోయాడు కాబట్టి మూడోది ఎగిరిపోయింది. మిగిలిన రెంటిలో ఏదో తేల్చాలంటే హాలు పేరు పట్టుకుని ఆ ఊరి పాత పేపర్లు తిరగెయ్యాలి (నన్నడిగితే ఈ సరదా కోసమే ఇవి కొనాలి). పెద్దక్షరాల్లో "1927" కనిపిస్తే నాకు డౌట్ అక్కడే మొదలవుతుంది.

పసుపు రంగంటారా, చౌక అట్టని ఎండలో పడేస్తే అదే వస్తుంది, టీ డికాక్షన్ పూస్తే సాయంత్రానికే వస్తుంది. అంతటా ఒకేలా ఉంటేనే అనుమానించాలి. చీకట్లో యూవీ టార్చి వేసి చూడండి. కాగితం నీలంగా మెరిస్తే అది దాదాపుగా 1950 తర్వాతి సరుకే, తెల్లదనం కోసం కలిపే ఆ రసాయనాలు అప్పటికిగానీ మామూలు కాలేదు. మెరవనంత మాత్రాన పాతదని మాత్రం అనుకోకండి.

బొమ్మ? అది పారిస్ ముచ్చట. 1925లో నర్తకి జోసెఫిన్ బేకర్ ఆడిన రెవ్యూకి (పాటలు, డ్యాన్సుల ప్రదర్శనకి) చిత్రకారుడు పాల్ కోలాన్ వేసిన లిథోగ్రాఫ్ (రాతి అచ్చు) పోస్టర్ చూసి అన్నీ అలాగే ఉంటాయనుకున్నారు. అమెరికా చిన్న ఊళ్ల కార్డుల్లో ఎక్కువగా ఉండేవి చెక్క అచ్చులతో కొట్టిన లావుపాటి అక్షరాలు, మహా అయితే బ్యాండ్ ఫొటో ఒకటి.

అక్షరాలు కలవకపోవడం కూడా తప్పు కాదు. బ్యాండ్ పేరుతో కార్డులు కట్టలుగా ముందే కొట్టించి, పైన ఖాళీ వదిలేవారు. ఏ ఊరికెళితే ఆ ఊరి హాలు, తేదీ తర్వాత వేసుకునేవారు. పైభాగం ఖాళీగా ఉన్నది దొరికినా అది వాడకుండా మిగిలిపోయిన అసలు కార్డే కావచ్చు.

ఇక భూతద్దంలో సన్నని రంగు చుక్కలు పువ్వుల్లా గుంపులు కట్టి కనబడితే అది ఈమధ్య ఆఫ్‌సెట్‌లో కొట్టిన కాపీ. అచ్చు నొక్కుడు వేలికి తగిలిందని మాత్రం మురిసిపోకండి, నాష్‌విల్‌లో 1879లో పెట్టిన హ్యాచ్ షో ప్రింట్ అనే పోస్టర్ల ప్రెస్ ఈనాటికీ తన పాత అచ్చులతోనే కొత్త ప్రతులు తీసి అమ్ముతోంది, దాచకుండానే. వాటిని కొని పాతవని అంటగట్టేవాళ్లతోనే తంటా.