హన్మకొండ పిల్లలకు మనం కోచ్‌ని పంపాలా?

డిసెంబరులో మన సంఘం సేవా కార్యక్రమాలకు హన్మకొండ పోయినప్పుడు ఆడిన ఫుట్‌బాల్ మ్యాచ్ ఫొటోలు అందరూ చూసే ఉంటారు. జెర్సీలు, శాలువాలు, మెమెంటోలు అన్నీ ఉన్నాయి. స్కోరు మాత్రం ఎవరూ పెట్టలేదు. అక్కడి పిల్లల చేతిలో మన పిల్లలు 5-1తో ఓడారు. ఆటన్నాక అది మామూలే. నాకు మంట పుట్టించింది తర్వాత మైకులో వచ్చిన మాట. "ఇక్కడి పిల్లల్లో కసి ఉంది, టెక్నిక్ లేదు. వచ్చే ఏడాది మేమే ఓ కోచ్‌ని పంపిస్తాం" అన్నారు మన పెద్దలొకరు. చప్పట్లు కూడా పడ్డాయి.

కసి ఒక్కదానితో ఐదు గోల్స్ పడతాయా?

వాళ్లు ఆడింది శుద్ధమైన 4-3-3, అంటే వెనక కాసేవాళ్లు నలుగురు, నడుమ మిడ్‌ఫీల్డ్‌లో ముగ్గురు, ముందు ఫార్వర్డ్‌లు ముగ్గురు. ఫార్వర్డ్‌లలో చెరో అంచున ఆడే వింగర్లిద్దరూ సైడ్ లైన్‌ను వదల్లేదు. వాళ్లను కాయడానికి మన డిఫెండర్లు ఎడంగా జరగక తప్పలేదు, నడుమ సందులు పడ్డాయి. మిడ్‌ఫీల్డ్‌లో ఇద్దరు ఆ సందుల్లోకి దూరారు. కుడి వింగర్ లోపలికి తిరిగితే మన ఎడమ అంచు కాసే లెఫ్ట్ బ్యాక్ వాడి వెంట పోయేవాడు. అంతలో వాళ్ల రైట్ బ్యాక్ బయటి నుంచి దూసుకొచ్చేవాడు, కోలాటంలో ఒకరు లోపలికి వస్తే ఒకరు బయటికి పోయినట్టు. మూడు గోల్స్ ఆ వైపు నుంచే వచ్చాయి.

నాకు నచ్చినవాడు మాత్రం మిడ్‌ఫీల్డ్‌లో మూడోవాడు, బక్కపలచని పోరడు. గోల్ కొట్టలేదు, ఫొటోల్లోనూ లేడు. బ్యాక్‌లు ముందుకు పోయినప్పుడల్లా వెనక నడుమ కాసే స్టాపర్లిద్దరి ముందుకొచ్చి నిలబడేవాడు. బంతి మనవాళ్లకు చిక్కగానే వాళ్ల ఫార్వర్డ్‌లు ముగ్గురూ వెనక్కి పరుగెత్తకుండా అక్కడికక్కడే మీద పడేవారు. ఆ కంగారులో మనవాళ్లు కొట్టిన పాసులు సగం వాడి కాళ్ల దగ్గరికే చేరేవి.

కాజీపేట రైల్వే కాలనీలో నేనూ మిడ్‌ఫీల్డ్‌లో ఆ పోరడి జాగలోనే ఆడేవాణ్ణి. బంతి పట్టాల మీదికి పోతే గూడ్స్ బండి దాటేదాకా ఆట బంద్. మా పీటీ సార్‌కు బోర్డు ఎక్కడిది? మా చెప్పులే ఆటగాళ్లు. పదకొండు చెప్పులు మట్టిలో పేర్చి, ఒకటి ముందుకు జరిపి, "ఇది పోతే ఈడ ఎవడు కాస్తడ్రా?" అని అడిగేవారు. జవాబు చెప్పనివాడికి ఆ రోజు బంతి లేదు. చీకటి పడ్డాక ఎవరి చెప్పు ఏదో దొరకక ఒంటి చెప్పుతో ఇల్లు చేరినవాళ్లం.

టెక్నిక్ మాటకొస్తే, అది మన నేలకు కొత్త కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన దేశం 10-1తో ఓడినప్పుడు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో బడి పంతులుగా చేసినాయన. పద్ధతి మార్చి, నాలుగేళ్లకే మెల్‌బోర్న్‌లో జట్టును నాలుగో స్థానానికి చేర్చారు. 1958లో బ్రెజిల్ 4-2-4తో ప్రపంచకప్ గెలవకముందే ఆయన దాన్ని మనవాళ్లతో ఆడించారు. అందులో ఫార్వర్డ్‌లు నలుగురు, నడుమ ఇద్దరే. బ్రెజిల్ వింగర్ జగాలో వెనక్కి దిగి ఆ లోటు పూడ్చేవాడు. 4-3-3 అట్లా రూపు కట్టింది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో రహీం గాయపడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌గా దింపారు. జర్నైల్ కూడా ఓ గోల్ కొట్టారు. దక్షిణ కొరియా మీద 2-1తో స్వర్ణం.

ఆ పిల్లల ఆటలో లోపం లేదనను. బ్యాక్‌లు ముందుకు పోతే వాళ్ల వెనక జాగ ఖాళీ. మన ఒక్క గోల్ అక్కడి నుంచే వచ్చింది. మంచి కోచ్ వస్తే దాన్ని సరిచేస్తాడు, కాదనను. కానీ అక్కడ కోచింగ్ కంటే పెద్ద కష్టం వేరే ఉంది. ఇంటర్‌లో పడగానే అమ్మానాన్నలే ఆట మానిపిస్తారు. గ్రౌండ్ నిండా గులకరాళ్లు, పోస్టులకు నెట్లు లేవు. ఇక మనం చేసిందేమిటి? దీపప్రజ్వలన, సన్మానాల పేరుతో గంటన్నర ఆ పిల్లల్ని ఎండలో నిలబెట్టాం.

కోచ్ విమాన టికెట్టుకు, హోటలుకు అనుకున్న డబ్బుతో ఆ పిల్లలకు నేర్పిన సార్‌కు ఏడాది పొడవునా నెలనెలా ఎంతో కొంత ఇవ్వొచ్చు. గ్రౌండ్ చదును చేయించొచ్చు. వచ్చే డిసెంబరులో మన పిల్లలు మ్యాచ్‌కు వారం ముందే పోయి ఆయన దగ్గర ప్రాక్టీస్ చేయాలి. కార్యవర్గ సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాను. బలపరచడానికి ఒకరు కావాలి.