పులస రుచి రెండు నెలలే

"సంపాదన పెరిగేకొద్దీ సంతోషమూ పెరుగుతుంది" అని ఒక వ్యాసంలో రాశారు. సగమే నిజం. అప్పు తీరి, పిల్లల ఫీజుకి ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేనంత వరకూ డబ్బు తెచ్చే నిమ్మళం గట్టిదే. ఆ తర్వాత మనసు అలవాటు పడిపోతుంది. అమెరికాలో లాటరీ తగిలిన 22 మందిపై 1978లో ఒక పరిశోధన వచ్చింది. మిగతావాళ్లకంటే వాళ్లేమీ చెప్పుకోదగ్గంత సంతోషంగా లేరు. పైగా కబుర్లు, పొద్దుటి టిఫిను లాంటి చిన్నవాటిలో వాళ్లకి ఆనందం తగ్గింది.

మన గోదారి డెల్టాలో పుస్తెలమ్మైనా పులస చేప తినాలంటారు. వరద గోదారికి అది ఎదురీదేది ఏడాదిలో ఓ రెండు నెలలే కాబట్టి ఆ మాట. మట్టి దాకలో చింతపండు పులుసు పోసి, సన్నసెగ మీద ఉడికించి, మర్నాడు తినే ఆ కూరనే రోజూ వడ్డిస్తే పదో రోజుకి ముళ్లే కనిపిస్తాయి.

ఇంకో చిక్కు, పోలిక. దాళ్వాలో, అంటే రెండో పంట వరిలో, ఎకరాకి 40 బస్తాలు పండినా, గట్టు అవతల 45 అని తెలిస్తే చాలు, మన 40 చిన్నబోతుంది. పోల్చడం ఎవరూ మానలేరు. మన చేనునే కిందటేడుతో పోల్చుకోవచ్చు.

ఈ అలవాటుకీ పోలికకీ విరుగుడుగా వారానికోసారి మూడు మంచి సంగతులు కాగితం మీద రాయండి. "కుటుంబం, ఆరోగ్యం" అంటే పనిచెయ్యదు. "కాలవకి నీళ్లు కట్టేసినప్పుడు పక్కింటి పిన్నిగారు రెండు బిందెల మంచినీళ్లు పంపారు" అన్నంత వివరంగా ఉండాలి. రోజూ రాస్తే హాజరుపట్టీ అయిపోతుంది. నిద్ర, తిండి తప్పి రెండు వారాలు దాటితే మాత్రం ఇది చాలదు, డాక్టరుకి చూపించాలి.