మంచివి అమ్మేసి, మిగిలినవాటితో మంద పెంచుతున్నాం

గొర్రెలు కొనే బేరగాడు దొడ్డిలోకి దిగగానే ఏం చేస్తాడో గమనించండి. ఎక్కువ మాట్లాడడు. పిల్లల మధ్యకు వెళ్లి ఒక్కోదాని నడుము మీద చెయ్యి వేస్తాడు, వెన్నుపూసకు అటూ ఇటూ వేళ్లతో నొక్కుతాడు. కండ తగిలితే పక్కకు లాగుతాడు, ఎముక తగిలితే వదిలేస్తాడు. అరగంటలో గుంపు రెండుగా చీలిపోతుంది. పక్కకు లాగినవి బండెక్కుతాయి. మిగిలినవి మళ్లీ మేతకు పోతాయి. రేపటి తల్లులు, రేపటి పొట్టేళ్లు ఆ మిగిలినవాటిలోంచే రావాలి.

ఇది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఎంత కరువొచ్చినా రైతు విత్తనాల మూటకు చెయ్యి తగలనివ్వడు. గట్టి గింజలు ఏరి పక్కన పెట్టుకుంటాడు, తిండికి కటకటలాడినా వాటిని ముట్టడు. అదే రైతు గొర్రెల దగ్గరికి వచ్చేసరికి గట్టి గింజలు అమ్మి, తాలు గింజలు చల్లుకుంటున్నాడు.

గొర్రెల పెంపకం అనగానే మేత, టీకాలు, నట్టల (కడుపులో పురుగుల) మందు, కొట్టం, ధర గురించి మాట్లాడతాం. అన్నీ అవసరమే. కానీ మంద పైకి పోతోందా కిందికి పోతోందా అన్నది అమ్మకం రోజునే తేలిపోతుంది. త్వరగా ఎదిగిన మగపిల్ల ముందు బరువుకొస్తుంది, ముందు అమ్ముడుపోతుంది. ఎదగనిది ఇంకో రెండు మూడు నెలలు మందలోనే తిరుగుతుంది. మగపిల్లలు ఐదారు నెలలకే ఈడుకు రాగలవు. అంటే ఎవరూ ఎంచకుండానే, అన్నిటికన్నా నెమ్మదిగా పెరిగిన పిల్ల తరవాతి తరానికి తండ్రి అవుతోంది. ఒక్క ఏడాదిలో తేడా కనబడదు. పదేళ్లు గడిచాక "మా గొర్రెలు ఇదివరకటిలా కండ పట్టడం లేదు, మేతలో బలం పోయింది" అనుకుంటాం. మేతలోనూ లోపం ఉండొచ్చు. అయితే పదేళ్లుగా పెరిగే గుణాన్ని మన చేత్తోనే బండెక్కించి పంపామన్న సంగతి ఆ మాటలో ఉండదు.

సరే, ఇకనుంచి అన్నిటికన్నా పెద్ద పిల్లనే ఉంచుకుందాం అనుకుంటే సరిపోతుందా? సరిపోదు. ఇక్కడే చాలామంది శ్రద్ధగల రైతులు కూడా దెబ్బతింటారు.

రెండు పిల్లల్ని కాటా మీద పెట్టామనుకోండి. ఒకటి 21 కిలోలు, ఇంకోటి 18.5 కిలోలు. కంటికి మొదటిదే నిండుగా కనిపిస్తుంది. పుస్తకం తీస్తే కథ మారుతుంది. 21 కిలోల పిల్ల 110 రోజుల క్రితం పుట్టింది, ఒంటరి పిల్ల, పుట్టినప్పుడు 3.5 కిలోలు. రెండోది 88 రోజుల పిల్ల, జంటలో ఒకటి, పుట్టినప్పుడు 2.6 కిలోలు. లెక్క వేస్తే మొదటిది రోజుకు 159 గ్రాములు పెరిగింది, రెండోది 181 గ్రాములు. రెండింటినీ 90 రోజుల వయసుకు సరిచేసి చూస్తే మొదటిది 17.8 కిలోలు, రెండోది 18.9 కిలోల దాకా వస్తుంది. పైగా రెండోది తల్లి పాలను ఇంకో పిల్లతో పంచుకుంటూ ఈ బరువు తెచ్చుకుంది.

కంటితో ఎంచితే మనం ఎంచేది ముందు పుట్టిన పిల్లను, ఒంటరిగా పాలన్నీ తాగిన పిల్లను. అలా ఏటా ఒంటరి పిల్లల్నే ఉంచుకుంటూ పోతే, జంటల్ని ఈనే తల్లుల సంతానాన్ని ఏటా వదులుకుంటున్నట్టే. కాన్పుకు ఎన్ని పిల్లలు అన్న గుణం అసలే వారసత్వంగా చాలా తక్కువగా దిగుతుంది. గొర్రెకూ గొర్రెకూ కనిపించే తేడాలో జన్యువుల వాటా సుమారు 10 శాతమే, మిగతాదంతా మేత, వయసు, వాతావరణం. కాబట్టి ఒక్క ఈతలో జంట వచ్చిందని సంబరపడితే కుదరదు. మూడు నాలుగు ఈతలు రాసిపెట్టుకుంటే గానీ ఏ తల్లి నిజంగా మంచిదో తెలియదు. తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి గేదెను తెచ్చుకోమన్న పెద్దల మాట గొర్రెకూ వర్తిస్తుంది, కాకపోతే తల్లిని చూడాలంటే ముందు ఏది దేని తల్లో తెలియాలి. చెవికి నంబర్, తల్లి నంబర్, పుట్టిన తేదీ, ఒంటరా జంటా, పుట్టిన బరువు, మూడో నెల బరువు. స్కూలు నోట్‌బుక్‌లో ఆరు గళ్లు గీస్తే చాలు.

జంటల మీద ఇంకో మాట కూడా చెప్పాలి. కాన్పు సంఖ్యను ఒక్కసారిగా పెంచే జన్యువు ఒకటుంది. బూరూలా జన్యువు అంటారు. ఆస్ట్రేలియాలో మెరినో అనే ఉన్ని గొర్రెల మంద ఒకదానిలో మొదట గుర్తించారు. మూలం మాత్రం సుందర్బన్ ప్రాంతపు చిన్న గారోల్ గొర్రెలు. 18వ శతాబ్దం చివర్లో బెంగాల్ నుంచి ఓడల మీద వెళ్లిన గొర్రెలతో అది అక్కడికి చేరింది. 2001లో శాస్త్రవేత్తలు ఆ మార్పు ఏ జన్యువులో ఉందో తేల్చారు. తల్లి గొర్రెకు ఆ జన్యువు ఒక్కవైపు నుంచే వచ్చినా కాన్పుకు దాదాపు ఒక పిల్ల పెరుగుతుంది. వినడానికి వరంలా ఉంటుంది. కానీ పిల్లలు పెరిగినంత మాత్రాన పొదుగులో పాలు పెరగవు. చూలు చివరి ఆరు వారాల్లో తల్లికి దాణా పెట్టలేని చోట జంటలు బలహీనంగా పుడతాయి, పుట్టిన మొదటి గంటల్లో ముర్రుపాలు అందక చలికి వణికి చనిపోతాయి. అందుకే నేను లెక్కపెట్టేది పుట్టిన పిల్లల్ని కాదు, మూడో నెల కాటా ఎక్కిన పిల్లల్ని. ఒక తల్లి మూడు ఈతల్లో ఆరింటిని ఈని నాలుగింటిని పోగొట్టుకుంటే, ఏటా ఒకదాన్నే ఈని మూడింటినీ నిలబెట్టిన తల్లి దానికన్నా మేలు.

ఇక పొట్టేలు. తల్లి గొర్రె ఏడాదికి ఒకటో రెండో పిల్లల్ని ఇస్తుంది. పొట్టేలు ముప్ఫై నలభై గొర్రెలకు చాలుతుంది, మందలో పుట్టే ప్రతి పిల్లలో సగం దానిదే. ఈ పొట్టేలు వాటా సగం, దీనికి ముందున్నదాని వాటా పావు, అంతకుముందుదాని వాటా అరపావు. వరసగా వాడిన మూడు పొట్టేళ్లే మంద రక్తంలో 87.5 శాతం. అంత బరువైన నిర్ణయాన్ని మనం కొమ్ముల మెలిక, ఒంటి రంగు, ఛాతీ వెడల్పు చూసి తేల్చేస్తాం.

ఈ సంగతి బాగా తెలిసిన మనిషి ఒకాయన 18వ శతాబ్దంలోనే ఉన్నాడు. ఇంగ్లండ్‌లో డిష్లీ అనే చోట సేద్యం చేసిన రాబర్ట్ బేక్‌వెల్. ఆయన తన పొట్టేళ్లను ఎక్కువగా అమ్మేవాడు కాదు, ఒక సీజన్‌కు అద్దెకిచ్చేవాడు. ఆదాయం ఒక కారణం. దాంతోపాటు ఇంకో లాభం ఉంది. పొట్టేలు వేరేవాళ్ల మందల్లో ఎలాంటి పిల్లల్ని ఇచ్చిందో చూసి, మంచివాటిని మళ్లీ తన దొడ్డికి తెచ్చుకోవచ్చు. పొట్టేలు విలువ దాని ఒంట్లో కాదు, దాని పిల్లల్లో తేలుతుందని ఆయన గ్రహించాడు. ఆయన తయారుచేసిన న్యూ లెస్టర్ గొర్రెలు త్వరగా కండ, కొవ్వు పట్టి పేరు తెచ్చుకున్నాయి. అదే సమయంలో కాన్పు తక్కువని, కొవ్వు మరీ ఎక్కువని విమర్శలూ వచ్చాయి. అంతటి మనిషి కూడా ఒక గుణం వెంటపడితే ఇంకో గుణం చేజారింది.

కంటికి నచ్చింది ఎంచితే ఏమవుతుందో చెప్పే చేదు ఉదాహరణ అమెరికాలోని సఫోక్ గొర్రెలు. పొడుగ్గా, ఎత్తుగా ఉన్న పొట్టేళ్లకు ప్రదర్శనల్లో బహుమతులు, వాటికే గిరాకీ. కొన్నాళ్లకు మందల్లో కాళ్లు సాలీడు కాళ్లలా సాగి, వంకరపోయిన పిల్లలు పుట్టడం మొదలైంది. కారణం ఒక జన్యులోపం. అది తల్లి నుంచి, తండ్రి నుంచి రెండువైపులా వస్తేనే జబ్బు. ఒక్కవైపు నుంచే వస్తే గొర్రె ఆరోగ్యంగానే ఉంటుంది, పైగా కాళ్లు కాస్త పొడుగ్గా ఉంటాయి. అంటే జనం ఎగబడి కొన్న ఆ ఎత్తులో కొంత ఈ లోపం వల్ల వచ్చిందే. రక్తపరీక్షతో, పైకి ఆరోగ్యంగా ఉంటూ ఈ లోపాన్ని మోసే గొర్రెల్ని గుర్తించే రోజులు వచ్చేదాకా ఎన్ని దొడ్లు నష్టపోయాయో ఊహించుకోవచ్చు.

మన దొడ్లో ఇంత దూరం పోనక్కర్లేదు. ఒకే పొట్టేలును మూడు నాలుగేళ్లు వాడితే అది తన కూతుళ్లనే దాటుతుంది, అంటే వాటితోనే జతకడుతుంది. ఆ పిల్లల్లో బలహీనత, చావులు పెరుగుతాయి. రెండేళ్లకోసారి పొట్టేలును మార్చుకోవాలి. కొనలేకపోతే మరో మంచి మందతో మార్పిడి చేసుకోవచ్చు. ఇందులో ఖర్చు పెద్దగా ఉండదు, ఆలోచన ఉండాలి.

పొట్టేలు విషయంలో నేను తిన్న దెబ్బ ఒకటి చెబుతాను. ఒకచోట నిగనిగలాడే పొట్టేలు కనిపించింది. వీపు బల్లలా ఉంది, నడక దర్జాగా ఉంది. "దీని తల్లి ఎలాంటిది?" అని అడిగితే "మంచి తల్లే" అన్నారు. ఏ మేత మీద పెరిగిందని నేను అడగలేదు. కొట్టంలో కట్టేసి గింజల దాణాతో మేపారని తరవాత తెలిసింది. మా బీడు మేతలో నెలన్నర తిరిగేసరికి పక్కటెముకలు బయటపడ్డాయి. దానికి తోడు వచ్చిన కొత్తలో జ్వరపడింది. పొట్టేలులో వీర్యం తయారవడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది. ఇవాళ్టి జ్వరం దెబ్బ నెలన్నర, రెండు నెలల దాకా వెంటాడుతుంది. నేను మందలోకి వదిలాక అది గొర్రెల్ని దాటుతూనే ఉంది, చూలు మాత్రం నిలవలేదు. ఆ సంగతి ఈతల కాలం వచ్చేదాకా నాకు తెలియలేదు. ఒకటి ఇవాళ, ఇంకోటి ఇరవై రోజులకు, మరోటి రెండు నెలలకు ఈనాయి. పిల్లలన్నీ తలో సైజు. ఒకే సైజు పిల్లలు ఇరవై ముప్ఫై కలిపి చూపిస్తే బేరం మన చేతిలో ఉంటుంది, తలో రకం ఉంటే బేరగాడి చేతిలో ఉంటుంది. ఆ ఏడాది ధర అతను చెప్పిందే.

ఆ తరవాత నుంచి పొట్టేలు రొమ్ముకు రంగు పూస్తున్నాను. అది దాటిన గొర్రె నడుము మీద ఆ రంగు పడుతుంది. గొర్రె సుమారు 17 రోజులకోసారి ఎదకు వస్తుంది కాబట్టి 17 రోజులకు రంగు మార్చాలి. మొదట ఎరుపు పడిన గొర్రెల మీద మళ్లీ నీలం పడుతోందంటే చూలు నిలవలేదన్నమాట. అలాంటివి ఎక్కువగా కనిపిస్తే పొట్టేలును వెంటనే మార్చేయొచ్చు, అయిదు నెలలు ఎదురుచూడక్కర్లేదు. వృషణాలు గట్టిగా, సమానంగా ఉన్నాయా, గడ్డలున్నాయా అన్నది మందలోకి వదలడానికి రెండు నెలల ముందే చేత్తో తడిమి చూడాలి.

అమ్మేవాళ్ల బాధ్యత గురించి కూడా గట్టిగానే చెప్పాలి. పొదుగులో ఒకవైపు గట్టిపడిన గొర్రె, రెండేళ్లుగా ఈనని గొర్రె, పిల్లను దగ్గరికి రానివ్వని గొర్రె... వీటిని ఏరివేయడం సరైనదే. ఏరివేసినవి మాంసానికి పోవాలి. వాటిని "చూడి గొర్రెలు, మంచి వయసు" అని చెప్పి కొత్తగా మంద మొదలుపెట్టే మనిషికి అంటగట్టడం మోసం. ఆ మనిషి అప్పు తెచ్చి ఉంటాడు, పళ్లు చూసి వయసు చెప్పడం కూడా తెలిసి ఉండదు. పాలపళ్లు ఊడి వచ్చే పెద్ద పళ్లు రెండుంటే ఏడాది దాటిందని, ఎనిమిది నిండితే సుమారు నాలుగేళ్లని తెలుసుకోవడానికి ఒక నిమిషం చాలు, ఆ నిమిషం ఎవరూ అతనికి ఇవ్వరు. విత్తనానికి అమ్మే గొర్రెతో పాటు పుస్తకంలో దాని వరస కూడా రాసివ్వడం రివాజు కావాలి. కొనేవాళ్లు కూడా కొత్త గొర్రెల్ని నెల రోజులు మందకు దూరంగా ఉంచాలి. వాటితో పాటు రోగాలే కాదు, మందులకు లొంగని నట్టలూ వస్తాయి.

డబ్బు అవసరం ఉన్నప్పుడు మంచి పిల్లను ఎలా ఆపుకోవాలి అని ఎవరైనా అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆస్పత్రి బిల్లు ముందు జన్యువుల మాట ఎక్కదు. అందుకే లెక్క చిన్నదని చెప్పాలి. 50 తల్లుల మందలో ఏటా పది ముసలివై పోతాయి, వాటి స్థానంలో పది ఆడపిల్లలు కావాలి. మగపిల్లల్లో నాలుగింటిని ఆపితే, వాటిలో ఒకటో రెండో ఎంచుకుని మిగతావి ఆరు నెలల తరవాత ఇంకా ఎక్కువ బరువుతో అమ్ముకోవచ్చు. 60 పిల్లలు పుడితే ఆపేది 14. మిగతా 46 అమ్మకానికే. ఆ 14 ఏవన్నది మాత్రం బేరగాడు రాకముందే, పుస్తకం దగ్గర పెట్టుకుని తేల్చుకోవాలి. అతను వచ్చాక, నోట్లు చేతిలో ఆడుతున్నప్పుడు తేల్చుకోలేం.

నేను ఉంచుకునేవాటి నెత్తిన పచ్చరంగు వేస్తాను. బేరగాడి చెయ్యి ముందుగా వాటి నడుము మీదే పడుతుంది. ఈసారి కూడా అలాగే జరిగింది. ఒక ఆడపిల్లను పట్టుకుని, ధర రెండుసార్లు పెంచి, "ఇదొక్కటి ఇచ్చెయ్యన్నా" అన్నాడు. ఇవ్వలేదు. దాని తల్లి 14వ నంబర్, మూడు ఈతల్లో ఐదు పిల్లల్ని కాటా ఎక్కించింది. పుస్తకంలో ఆ పేజీ తీసి చూపించాను. అతను కాసేపు చదివి, "వచ్చే ఏడాది దీని పిల్లలుంటే ముందు నాకు ఫోన్ చెయ్యన్నా" అని తన నంబర్ ఆ పేజీ అంచున రాసి వెళ్లాడు.