మా షెడ్డులో రేటింగ్ లేనిది నాకొక్కడికే

కొత్త వస్తువు ఏది కొన్నా డబ్బాలో ఒక చిన్న పుస్తకం పెడతారు కదా, అందులో ఇరవై భాషలుంటాయి, తెలుగు ఉండదు, అయినా బొమ్మలు చూసి సర్దుకుంటాం. ఏ పుస్తకం తిరగేసినా ఒక మాట మాత్రం ఖాయం, ఈ పరికరమును దుమ్ము లేని, తేమ లేని, గాలి బాగా ఆడే చోట వాడవలెను అని. గాలి రావాలట, దుమ్ము మాత్రం రాకూడదట. పెళ్ళికి ఊరంతా రావాలి కానీ బంతిలో ఎవరూ కూర్చోకూడదు అన్నట్టు.

సరే, రాసినవాళ్ళు చదువుకున్నవాళ్ళు, ఊరికే రాయరు కదా అని నా కంప్యూటర్‌కి అలాంటి చోటు కోసం నేను చాలా నిజాయితీగా వెతికాను. తెనాలిలో మా ఇంటి వెనక 12 బై 18 రేకుల షెడ్డు ఉంది, అందులో లేదు. హాల్లో పెడదామంటే మా ఆవిడ "ఆ పెట్టె ఇంట్లోకొస్తే నేను షెడ్డులోకి పోతా" అంది. చంద్రుడి మీద గాలే లేదు కదా, దుమ్మెందుకు లేస్తుందిలే అనుకుంటే, 1972లో అపోలో 17లో వెళ్ళిన హారిసన్ ష్మిట్ గారికి బట్టలకి అంటుకొచ్చిన చంద్రుడి దుమ్ముతోనే ముక్కు దిబ్బడేసిందట. అంగారకుడి సంగతి ఇంకా ఘోరం. ఆపర్చునిటీ అని ఒక రోవర్‌ని 90 రోజుల పనికి పంపితే పాపం పద్నాలుగేళ్ళు తిరిగింది, చివరికి 2018లో దుమ్ము తుఫాను కమ్మేసి ఛార్జింగ్ లేక పడుకుంది, మళ్ళీ లేవలేదు. తర్వాత అక్కడికే పంపిన ఇన్‌సైట్ అనే ల్యాండర్‌కి సోలార్ ప్లేట్ల మీద దుమ్ము పడితే నాసా వాళ్ళు దాని చేత్తోనే కాస్త ఇసక తీసి పైనుంచి పోయించారు, గాలికి ఆ ఇసక దొర్లుతూ దుమ్ముని కూడా లాక్కుపోతుందని. మట్టితో దుమ్ము తుడిచారన్నమాట. కొంచెం పనిచేసింది కూడా. అదీ 2022 డిసెంబర్లో ఆగిపోయిందనుకోండి.

ఇంత పరిశోధన చేశాక దుమ్ము లేని చోటు సృష్టిలోనే లేదని తేల్చుకుని, కంప్యూటర్ని తీసుకెళ్ళి చెక్క కోసే రౌటర్ మిషన్ పక్కనే స్టూలు మీద పెట్టాను.

నేను చేసేది డిజైన్ కటింగ్. పూజగది తలుపులు, శంఖుచక్రాలు, నెమళ్ళు, ఎండీఎఫ్ జాలీలు. మిషన్‌ని నడిపించేది ఆ కంప్యూటరే, అందులో పాత విండోస్ ఎక్స్‌పీ ఉంటుంది. ఇంకా ఎక్స్‌పీ ఏంటి బాబూ అని నవ్వకండి, మిషన్‌ని నడిపే మాక్3 సాఫ్ట్‌వేర్‌కి, ఒకప్పుడు ప్రింటర్లు తగిలించిన ఆ పాత ప్యారలల్ పోర్టు కావాలి, 64 బిట్ విండోస్‌లో ఆ పోర్టు డ్రైవర్ ఎక్కదు, అందుకని మా షెడ్డులో కాలం ఆగింది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే సపోర్ట్ అయిపోయింది కాబట్టి నెట్ పెట్టలేదు, ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోనే. నెట్ నుంచి వైరస్ రాదు. పెన్‌డ్రైవ్‌తో పాటు చిటికెడు పొట్టు మాత్రం వస్తుంది.

అసలీ గొడవంతా మా నాన్న కాలంలో లేదు. ఆయన ఉలితో చెక్కితే పేళ్ళు లేచేవి, చిత్రిక పడితే చుట్టలు చుట్టలుగా వచ్చేవి, అవి మర్యాదగా కింద పడేవి, సాయంత్రం అమ్మ గంపకెత్తి పొయ్యిలో వేసేది. దుమ్ముకి ఒక బరువు, ఒక సంస్కారం ఉండేది. ఇప్పుడు నా రౌటర్ నిమిషానికి 24,000 తిరుగుళ్ళు తిరుగుతుంది, అది చెక్కని కొయ్యదు, పిండి పడుతుంది. ఎండీఎఫ్ ఐతే మరీనూ, అదే మొదట్నుంచీ పొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక, మనం ముట్టుకోగానే తన పూర్వరూపానికి వెళ్ళిపోతుంది. ఆ పిండి కింద పడదు, గాల్లోనే ఉంటుంది, రేకు సందులోంచి ఎండపొడ పడ్డప్పుడు చూస్తే బ్రహ్మాండంగా మెరుస్తుంటుంది. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ళు తెలివైనోళ్ళు, పొట్టుని చింతగింజల పొడితో కలిపి మక్కు చేసి బొమ్మకి చేతులు కాళ్ళు అతికిస్తారు. మేం దాన్ని కంప్యూటర్లో దాచుకుంటాం.

దాచుకోవడం అంటే గుర్తొచ్చింది. డస్ట్ కలెక్టర్ అని సంచీలు వేలాడే మిషన్ ఒకటుంటుంది, దాని రేటు అడిగితే నా కంప్యూటర్ కంటే ఎక్కువ చెప్పారు. అప్పుడే నాకు తట్టింది, నా దగ్గర ఆల్రెడీ ఒకటి ఉంది కదా అని. కంప్యూటర్ ఏం చేస్తుంది, ముందు నుంచి గాలి పీలుస్తుంది, వెనక నుంచి వదుల్తుంది, మధ్యలో దుమ్ముని ఉంచేసుకుంటుంది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా జీతం అడక్కుండా షెడ్డంతా శుభ్రం చేస్తుంది, ఖాళీ దొరికితే నెమలి కూడా కోసి పెడుతుంది. కాకపోతే సంచీ నిండితే మార్చాలి కదా, ఆ సంచీ పేరు హీట్‌సింకు, ప్రాసెసర్ వేడిని లాగేసే రెక్కల ముక్క. రెక్కల మధ్య పొట్టు దట్టంగా పట్టి దుప్పటిలా ఐపోతుంది, మే నెల తెనాలిలో దుప్పటి కప్పుకుంటే ఎవరికైనా ఏమవుద్ది, దానికీ అదే అవుద్ది. లక్ష్మీదేవి కిరీటం సగం కోశాక ఆగిపోద్ది. టేకు పలక పోయినట్టే.

కీబోర్డుకి కర్రీ పాయింట్ కవరు తొడిగాను, అక్షరాలు కనపడవు కానీ వేళ్ళకి తెలుసు. మౌస్‌కి కూడా తొడిగితే అది కవర్లో ఈదడం మొదలెట్టింది, తీసేశా. ఫోన్ది వేరే కథ, ఛార్జింగ్ పిన్ను లోపలికి పోవట్లేదని గుండుసూదితో కెలికితే అందులోంచి రెండు రకాల చెక్క, ఒక సన్మైకా పెచ్చు వచ్చాయి, రంగు చూసి ఏ ఇంటి పనో కూడా చెప్పగలను. వేలిముద్రతో అసలు తెరుచుకోదు. దాన్ని మాత్రం ఏం అనలేం, రేషన్ షాపులో కూడా నా వేలిముద్ర పడదు, చెక్కపని చేసే చేతికి గీతలు అరిగిపోతాయి కదా, ప్రభుత్వమే నన్ను గుర్తుపట్టనప్పుడు ఫోన్ గుర్తుపట్టాలని పట్టుబట్టడం న్యాయం కాదు.

ఈ దుమ్ము విషయంలో ఒక అంతర్జాతీయ పద్ధతి ఉంది, అది అందరూ తెలుసుకోవాలి. ఐపీ రేటింగ్ అంటారు, రెండంకెలు, మొదటిది దుమ్ముకి, రెండోది నీళ్ళకి. మా అబ్బాయి ఫోన్ ఐపీ 68, అంటే దుమ్ము అస్సలు దూరదు, నీళ్ళలో ముంచినా చావదు, వాడు దాన్ని ఏసీ గదిలో దిండు మీద పెట్టుకుని వాడతాడు. నా మిషన్ మోటార్‌ని తిప్పే డ్రైవ్ ఐపీ 20. నేను రోజూ దుమ్ములో ఉంచేది దీన్ని. 20 అంటే ఏంటో వెతికి చూశా, వేలు లోపలికి దూరదు అని అర్థమట. దుమ్ము గురించి హామీ ఏమీ లేదు. ఎంత నిజాయితీ చూడండి.

అప్పుడు నాకు ఊరికే ఒక ఆలోచన వచ్చింది, షెడ్డులో అన్నిటికీ రేటింగ్ ఉంది కదా, నాకెంత ఉంటుంది అని. నా ముక్కులోకి వేలు దూరుతుంది. కాబట్టి 2 రాదు. దాని కింద 1 ఉంది, పిడికిలంత వస్తువు దూరకపోతే 1 ఇస్తారు, అది పాసయ్యాను. రెండో అంకె దగ్గర నాలుగు చినుకులు పడితే మూడు రోజులు తుమ్ములే, సున్నా. అంటే నేను ఐపీ 10. షెడ్డు మొత్తంలో చివరి ర్యాంకు, రేషన్ షాపు త్రాసు కూడా నాకంటే నయం. మా ఆవిడకి గర్వంగా చెప్పాను, నాకూ ఒకటొచ్చింది చూడు అని. ఆవిడ "ఆ తువ్వాలైనా సరిగ్గా కట్టుకోండి" అంది. అదే తువ్వాలుతో మానిటర్ తుడుస్తా కదా, ముక్కుకి కడితే తడిసిపోద్ది, తడి గుడ్డతో స్క్రీన్ తుడవకూడదని పుస్తకంలో రాసుంది.

ఆవిడకి ఎవరు చెప్పారో కానీ ఇంకోటి కూడా పట్టుకొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద క్యాన్సర్ మీద పరిశోధన చేసే వాళ్ళు చెక్క దుమ్ముని 1995లోనే మొదటి గ్రూపులో, అంటే మనుషులకి క్యాన్సర్ తెస్తాయని తేలినవాటిలో, వేశారట, పొగాకు కూడా ఆ గ్రూపే. ఎండీఎఫ్ జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్ కూడా అందులోనే ఉందట. కంగారుగా ఆ జాబితా మొత్తం చదివించుకున్నా. అంతా మనుషుల గురించే. మదర్‌బోర్డుల గురించి ఒక్క ముక్క లేదు. హమ్మయ్య అనుకున్నా.

కంప్యూటర్‌కి సర్వీసింగ్ ఏడాదికోసారి, దసరాకి. ఆయుధపూజ రోజు ఉలి, రంపం, రౌటర్, కంప్యూటర్ వరసగా పెట్టి బొట్లు పెట్టి కొబ్బరికాయ కొడతాం. పోయిన దసరాకి ముందు అది అసలు ఆన్ కాలేదు, మూడు సార్లు బీప్‌మని ఊరుకుంది. రిపేరు కుర్రాడు వచ్చి మూత తీసి కాసేపు ఏం మాట్లాడలేదు. "బాబాయ్, ఇది సీపీయూనా, కోళ్ళఫారమా?" అన్నాడు. లోపల వెచ్చగా, మెత్తగా, పొట్టు పరిచి ఉంది, పవర్ సప్లై పక్కన బల్లి గుడ్లు రెండు. వాడు ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు, ఈ దేశంలో సగం కంప్యూటర్లు మూడో తరగతి పిల్లల రబ్బర్ల మీదే బతుకుతున్నాయి. తర్వాత వాకిట్లోకి తీసుకెళ్ళి బ్లోయర్ పెట్టాడు, ఫ్యాను రెక్కని వేలితో గట్టిగా పట్టుకుని మరీ కొట్టాడు, వదిలేస్తే గాలికి అడ్డదిడ్డంగా తిరిగి బేరింగ్ పోద్దట, కరెంటు వెనక్కి బోర్డులోకి కొట్టే ప్రమాదం కూడా ఉందట. ఎంత జాగ్రత్తో. లేచిన మేఘం ఎదురింటి వాళ్ళ డాబా మీద వడియాల దాకా వెళ్ళింది, ఆ సంగతి ఇక్కడ వద్దులెండి. మళ్ళీ లోపల పడకుండా నేను మూతని తువ్వాలుతో కప్పి దాని మీద వంగి నిలబడ్డా, ఆ తర్వాత రెండు రోజులు దగ్గు.

ఆ దగ్గు వినే మా ఆవిడ కరోనా టైములో మిగిలిన డబ్బా బీరువాలోంచి తీసి ఒక ఎన్95 మాస్కు తెచ్చి చేతిలో పెట్టింది. 0.3 మైక్రాన్ల రేణువులు కూడా నూటికి 95 ఆపుద్దట. అంత మంచి వస్తువు. ఒకసారి ముక్కు దగ్గర పెట్టి చూశా, తర్వాత కేబినెట్ ముందున్న ఫ్యాను దగ్గర పెట్టి చూశా, నమ్మరు గానీ కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది. రబ్బర్లు రెండు వైపులా స్క్రూలకి తగిలించి రోజంతా జాలీలు కోశాను.

సాయంత్రం నాలుగింటికి కంప్యూటర్ ఆగిపోయింది. కుర్రాడికి ఫోన్ చేస్తే వచ్చి చెయ్యి పెట్టి చూసి "ఊపిరాడట్లేదు బాబాయ్ దీనికి" అని మాస్కు పీకేశాడు. పొద్దున తెల్లగా ఉన్నది గోధుమరంగు తిరిగింది, వేలితో గీస్తే గీత పడుతోంది. మా ఆవిడ టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది, మాస్కు వంక చూసింది, నా వంక చూసింది, మళ్ళీ మాస్కు వంక చూసింది.

నాకూ కళ్ళు తెరుచుకున్నాయి. ఒక్క రోజులో ఇంత దుమ్ము పీలుస్తుందా పాపం అనిపించి, దానికి ఇంకో పది తెప్పించమని చెప్పాను.