ఘనత వహించిన మ్యూజిక్ బిజినెస్ మేజర్ గారికి, ఇంకా రికూప్ కాని (అంటే పెట్టిన డబ్బు వసూలు కాని) ఒక విద్యార్థి రాయునది

అయ్యా,

ఉభయకుశలోపరి. (మిలిటరీ మేజర్ గారు కాదులెండి, ఈ అమెరికా కాలేజీలో నేను చదివే ప్రధాన కోర్సు మీరే.) మీ కుశలానికేం, కొత్త బ్రోషర్ చూస్తేనే తెలుస్తోంది, పచ్చిక మీద గిటార్ పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి ఈ ఏడు కూడా కవర్ మీదే ఉంది (ఆ అమ్మాయి ఎకనామిక్స్ మేజర్, గిటార్ ఫొటోగ్రాఫర్‌ది). నా కుశలం గురించే ఈ ఉత్తరం.

మీ దగ్గర నేను నేర్చుకున్న విద్యల్లో పనికొచ్చేది కాంట్రాక్టు చదవడం. ఏ క్లాజు చాటున ఏ క్లాజు నక్కి ఉంటుందో, 'నెట్' (ఖర్చులన్నీ పోగా మిగిలేది) అన్న మాట కనబడగానే ఎందుకు ఆగిపోవాలో బాగానే వంటబట్టింది. ఆ ఊపులో ఒక రాత్రి నిద్రపట్టక మన కాలేజీ కేటలాగునీ నా ఫీజు స్టేట్‌మెంటునీ పక్కపక్కన పెట్టుకుని అదే పద్ధతిలో చదివాను. ఇలాంటి కాగితం మీద ఏ సింగరైనా సంతకం పెడతానంటే, మేనేజర్‌గా నేను ముందు పెన్ను లాక్కుంటాను.

అడ్వాన్స్ సంగతే చూడండి. మన క్లాసులో రికార్డు కంపెనీ అంటే విలన్. సింగర్‌కి అడ్వాన్స్ ఇస్తుంది, స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చులో వాటా, అన్నీ ఆమె ఖాతాలోనే రాస్తుంది, అదంతా ఆమె రాయల్టీలోంచి వసూలయ్యేదాకా ఒక్క రాయల్టీ చెక్కు కూడా పంపదు, అంతా వసూలయ్యాక కూడా మాస్టర్ రికార్డింగులు (పాట అసలు ప్రతులు) మాత్రం కంపెనీవే. ఎంత ఘోరం అని అందరం నిట్టూర్చాం. కానీ ఆల్బమ్ అట్టర్ ఫ్లాపయితే? మామూలు ఒప్పందంలో ఆ అడ్వాన్స్ ఆమె తన జేబులోంచి తిరిగి కట్టక్కర్లేదు, నష్టం కంపెనీదే. మరి మీ ఒప్పందంలో అడ్వాన్స్ ఇచ్చిందే నేను. హిట్టయినా ఫట్టయినా కట్టాల్సిందీ నేనే. నా క్లాస్‌మేట్ల స్టూడెంట్ లోన్లయితే మరీను, ఈ దేశంలో దివాలా తీసినా అవి అంత తేలిగ్గా పోవు, భరించలేనంత కష్టంలో ఉన్నానని కోర్టులో విడిగా రుజువు చేసుకోవాలి. నాలుగేళ్లుగా మీరు తిట్టిపోసిన విలన్ మీకంటే దయగలవాడని తేలింది సార్, ఏం చేయమంటారు?

కోతల దగ్గరికి వద్దాం, నాకు ఇష్టమైన చాప్టర్ ఇదే. లక్కతో చేసిన 78 ఆర్‌పీఎం రికార్డులు దారిలో పగిలిపోయేవి కాబట్టి, వందలో తొంభై రికార్డులకే రాయల్టీ లెక్కగట్టే 'బ్రేకేజ్' క్లాజు ఉండేది. తర్వాత వినైల్ వచ్చింది, అంత సులువుగా పగలదు, క్లాజు ఉంది. సీడీ వచ్చింది, క్లాజు చాలా ఒప్పందాల్లో ఇంకా ఉంది. 2006లో ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్, చీప్ ట్రిక్ అనే రాక్ బ్యాండ్లు కలిసి సోనీ బీఎంజీ రికార్డు కంపెనీ మీద దావా వేశాయి, డౌన్‌లోడ్‌ల మీద కూడా ప్యాకేజింగ్, బ్రేకేజ్ పేరుతో కోత వేస్తున్నారని. డౌన్‌లోడ్ ఎక్కడ పగులుతుంది, కింద పడితే చప్పుడైనా వస్తుందా అని క్లాసంతా పడీపడీ నవ్వాం. నవ్వి హాస్టల్‌కి వచ్చి చూసుకుంటే నా స్టేట్‌మెంటులో వేసవి ఇంటర్న్‌షిప్ క్రెడిట్లకు ఫీజు పడి ఉంది. ఆ వేసవంతా నేను క్యాంపస్‌లో లేను. ఒక కచేరీల కంపెనీలో జీతం లేకుండా కుర్చీలు లెక్కపెట్టాను, సింగర్ గదిలో నీళ్ల సీసాలు లేబుల్ బయటికి కనబడేలా తిప్పి పెట్టాను. పని వాళ్లది, చాకిరీ నాది, దానికి ఫీజు మాత్రం మీకు. బ్రేకేజ్ క్లాజు రాసినవాడు బతికుంటే మీ కాళ్లకు దండం పెట్టేవాడు.

రేట్ల పాఠం కూడా గుర్తుంది. పాటని రికార్డు చేసి అమ్మితే రాసినవాళ్లకి కాపీకి ఇంత అని అమెరికా చట్టం 1909లో 2 సెంట్లు ఖాయం చేసింది, 1978 వచ్చేదాకా ఆ 2 సెంట్లు కదలలేదు. తర్వాత ఎప్పటికో 9.1 సెంట్లయింది, 2006 నుంచి 2022 దాకా మళ్లీ అక్కడే కూర్చుంది. ఇక్కడి ఏఎం, ఎఫ్ఎం రేడియోల్లో అయితే పాట మోగితే రాసినవాళ్లకి డబ్బు వస్తుంది కానీ పాడినవాళ్లకి ఇప్పటికీ ఒక్క సెంటు రాదు. ఈ పాఠం చెబుతున్నప్పుడు ప్రొఫెసర్ గారి కళ్లలో నీళ్లు. పాపం ఆయన కూడా ఏడాది ఏడాదికి కాంట్రాక్టు మీద పనిచేసే మనిషే. కదిలేదల్లా మీ ట్యూషన్ ఒక్కటే.

ఇక ఈ లిబరల్ ఆర్ట్స్ గొడవ. ఒకప్పుడు యూరప్‌లో ఆ పేరుతో చెప్పిన ఏడు విద్యల్లో సంగీతం కూడా ఒకటని, అంకగణితం, జ్యామితి, ఖగోళం పక్కన దానికి పీట వేశారని మీరు మొదటి వారమే గొప్పగా చెప్పారు. చెప్పని ముక్క నేను లైబ్రరీలో చదువుకున్నాను. ఆరో శతాబ్దపు రోమన్ తత్త్వవేత్త బోయీథియస్ లెక్క ప్రకారం వాయించేవాడు చేతిపనివాడు, పాట కట్టేవాడు ఏదో సహజంగా అబ్బి కట్టేస్తాడు, అసలు సంగీతజ్ఞుడు ఎవరయ్యా అంటే కూర్చుని బుద్ధితో బేరీజు వేసేవాడు. ఒక్క తీగ మీటకుండా సంగీతం మీద అధికారం! మీ కులగురువు ఈయనే కదా, దాచడం ఎందుకు? (ఆయన్ని జైల్లో పెట్టి చంపేశారనుకోండి, దానికి కారణం రాజకీయం, రాయల్టీలు కాదు.)

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. పొట్టి కవితలోని ఒకే ఒక్క వాక్యాన్ని గంటసేపు పట్టుకుని వదలని కవిత్వం టీచర్ దగ్గరే నాకు నిజంగా చదవడం వచ్చింది, మీ ఫీజు స్టేట్‌మెంట్ చదివింది ఆ కళ్లతోనే. ఆవిడ క్లాసుని మీరు 'ఇతర అవసరాలు' అనే గళ్లో పడేశారు. ఆ గడే లేకపోతే మీ బండారం నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

మీ స్టూడెంట్ రికార్డ్ లేబుల్ (విద్యార్థులతో నడిపించే రికార్డు కంపెనీ) గురించి ఎక్కువ రాయను. మేం విడుదల చేసిన పాటకి లోగో ఉంది, మార్కెటింగ్ ప్లాన్ ఉంది, బడ్జెట్ షీట్ ఉంది, నాతో కలిపి వైస్ ప్రెసిడెంట్లే గుంపు. పాడిన కుర్రాడు మాత్రం ఒక్కడే. పాటలు వినిపించే స్పాటిఫై యాప్‌లో 2024 నుంచి ఏడాదిలో 1000 స్ట్రీములు (వినడాలు) దాటని పాటకి రాయల్టీ లెక్కే కట్టరు, మా పాట ఆ గీత తాకలేదు. మా అందరికీ 'ఏ' గ్రేడు వచ్చింది. ఆ కుర్రాడు ఈ మేజర్ కాదు కాబట్టి వాడికి అదీ రాలేదు. పరిశ్రమ ఎలా నడుస్తుందో ఇంతకంటే చక్కగా ఎవరు నేర్పగలరు చెప్పండి.

మా బంధువుల బెంగ వేరు. "పాటలు పాడతావా అమ్మా?" పాడను. "మరి స్టెమ్మా (సైన్సు, ఇంజనీరింగ్, లెక్కల లాంటిదా)?" కాదు పిన్నీ. కాదు కాబట్టే ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీద ఇక్కడ పనిచేసుకునే అనుమతి) 12 నెలలతో సరి, కంప్యూటర్ సైన్స్ వాళ్లకి దొరికే 24 నెలల పొడిగింపు మనకి లేదు. ఇంట్లో టెన్షన్ ఏ స్థాయిలో ఉందో మీరే ఊహించుకోండి.

నిన్న మీ పూర్వ విద్యార్థుల విరాళాల విభాగం ఫోన్ చేసింది. పట్టా ఇంకా చేతికి రాలేదు, అప్పుడే 'తిరిగి ఇవ్వడం' గురించి తియ్యగా మాట్లాడారు. రికార్డుతో ఆగకుండా టూర్లలో, టీషర్టుల్లో, సినిమా వేషాల్లో కూడా వాటా లాగే దాన్ని 360 డీల్ అంటారని చెప్పింది మీరే. అందులో కూడా గడువంటూ ఒకటి ఉంటుందండీ, మీ ఫోన్‌కి అదీ లేదు.

ఆర్టిస్టుకి లెక్కలు ఆడిట్ చేయించుకునే హక్కు ఉంటుందని, గడువు దాటితే అది పోతుందని కూడా మీరే నేర్పారు కాబట్టి ఆలస్యం చేయకుండా అడుగుతున్నాను: నా డబ్బులో క్లాసులకి ఎంత, కవిత్వం టీచర్‌కి ఎంత, ఆ గిటార్ ఫొటోకి ఎంత, వరస వరసగా రాసి పంపండి. దయచేసి పోస్టులో పంపండి. కాలేజీ ఈమెయిల్‌కి పంపితే నాకు అందదు, చదువు అయిపోగానే దాన్ని మూసేస్తామని మీవాళ్లే నోటీసు ఇచ్చారు.

ఇట్లు,
మీ వైస్ ప్రెసిడెంట్లలో ఒకతె