గుండ్లకమ్మలో మునగకముందే వాళ్లు రక్షణ పొందారు

బాప్తిస్మం పొందకుండా చనిపోయిన విశ్వాసి గతేమిటి? అది లేకపోతే రక్షణ లేదని ఒక పక్షం, విశ్వాసమే చాలని మరో పక్షం, తెలుగు సంఘాల్లో ఈ వాదన ఎప్పటినుంచో ఉన్నదే. మార్కు 16:16, అపొస్తలుల కార్యములు 2:38, యోహాను 3:5 రెండు పక్షాలవారికీ కంఠతా వచ్చు. అందుకే వచనాల జోలికి తర్వాత వెళ్దాం. ముందు ఒంగోలు దగ్గర జరిగిన సంగతి ఒకటి చూడాలి.

1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ ఆకలితో, కలరాతో అల్లాడుతోంది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. వచ్చినవాళ్లలో మాదిగలే ఎక్కువ. కాలువ గట్టున తవ్వకం, విశ్రాంతి వేళ సువార్త. నమ్మినవాళ్లు బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. ఒక నెలా రెండు నెలలా కాదు, 15 నెలలు ఆపాడు. గంజి కోసం వస్తున్నారో క్రీస్తు కోసం వస్తున్నారో తేలాకే ఇస్తానన్నాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఇవాళ అడిగినవాడు వచ్చే వారానికి బతికి ఉంటాడో లేదో తెలియని కాలమది. నీళ్లలో మునిగితే తప్ప రక్షణ లేదని క్లౌ నమ్మి ఉంటే ఆ 15 నెలలూ ఆపడం క్రూరత్వం. తెలిసి తెలిసి జనాన్ని నరకానికి వదిలేయడం. ఆయన ఆపగలిగాడంటే కారణం ఒక్కటే. విశ్వసించిన క్షణంలోనే వాళ్లు క్రీస్తువాళ్లయ్యారని, బాప్తిస్మం దానికి బహిరంగ సాక్ష్యమని ఆయన బోధించిన సిద్ధాంతం. కరువు పనులు ముగిశాక, ఇక సాయమేమీ ఉండదని చెప్పినా జనం కదల్లేదు. అరచేతుల్లో బొబ్బలు చూపించి, మా కష్టం మేం పడతాం, బాప్తిస్మం ఇవ్వండి అన్నారు.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. బోధకులు ఆరుగురు. ఒకసారికి ఇద్దరే నీళ్లలో ఉంటారు, అలసిపోతే మరో ఇద్దరు దిగుతారు. మొత్తం సుమారు తొమ్మిది గంటలు. లెక్క వేస్తే ఒక్కొక్కరికి అర నిమిషం. నీళ్లలోకి రావడం, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామం పలకడం, వెనక్కి వాల్చి ముంచడం, పైకి లేపడం అన్నీ అందులోనే. ఆ అర నిమిషం వాళ్లను రక్షించలేదు. ఆకలిలోనూ వదలని విశ్వాసం అప్పటికే రక్షించింది.

అవతలి పక్షం వాదన తేలికైనదేమీ కాదు. 'పాపక్షమాపణ నిమిత్తము' బాప్తిస్మం పొందండని పేతురు పెంతెకొస్తు నాడు చెప్పాడు. 1530 నాటి లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన, 1547లో కతోలికుల ట్రెంట్ మహాసభ రెండూ బాప్తిస్మం అవసరమన్నాయి. 'చర్చ్ ఆఫ్ క్రైస్ట్' అనే శాఖవారు ఈనాటికీ అదే గట్టిగా చెబుతారు.

అయితే అదే పేతురు కొర్నేలీ ఇంట్లో ఏం చూశాడు? పరిశుద్ధాత్మ ముందు దిగాడు, నీళ్ల మాట తర్వాత వచ్చింది. గారడీవాడు సీమోను నమ్మి బాప్తిస్మం పొందాడు. 'నీ హృదయము దేవునియెదుట సరియైనది కాదు' అనిపించుకున్నాడు. కొరింథులో క్రిస్పుకు, గాయియుకు తప్ప బాప్తిస్మం ఇవ్వలేదని పౌలు దేవునికి కృతజ్ఞతలు చెబుతాడు, తర్వాత స్తెఫను ఇంటివారిని గుర్తు చేసుకుంటాడు. ఎవరికి ఇచ్చాడో కూడా సరిగా గుర్తు లేదు! బాప్తిస్మమే రక్షించేదైతే ఏ అపొస్తలుడైనా ఇవ్వనందుకు స్తుతిస్తాడా?

కతోలిక సంఘం కూడా ఈ తలుపు పూర్తిగా మూయలేదు. 392లో జ్ఞానస్నానానికి (బాప్తిస్మాన్ని కతోలికులు పిలిచే పేరు) ముందే చనిపోయిన రోమా చక్రవర్తి రెండో వాలెంటీనియన్ కోసం మిలాను బిషప్పు అంబ్రోసు, ఆయన కోరుకున్నాడు కాబట్టి పొందినట్టేనని ఓదార్పు చెప్పాడు. ఇక జ్ఞానస్నానం ఇస్తూ పలికే వాక్యంలో ఒక్క మాట తప్పుగా పలికితే ఏమవుతుందో ఈమధ్యే చూశాం. 'నేను' అనాల్సిన చోట 'మేము' అంటే జ్ఞానస్నానం చెల్లదని వాటికన్ 2020లో తేల్చింది. అమెరికాలో ఫీనిక్స్ మేత్రాసనంలో (డయోసిస్) ఒక కతోలిక ఫాదరు ఏళ్ల తరబడి అలాగే అన్నందువల్ల వేలమందివి చెల్లకుండా పోయాయి. ఆ మధ్యలో చనిపోయినవాళ్లంతా ఒక సర్వనామం వల్ల నశించారని ఏ కతోలికుడూ అనడు. దేవుడు రక్షణను జ్ఞానస్నానంతో ముడిపెట్టినా తాను సంస్కారాలకు కట్టుబడి లేడని వాళ్ల అధికారిక బోధనా గ్రంథం సత్యోపదేశమే చెబుతోంది.

నా బాధ నిజానికి ఈ పండిత చర్చ గురించి కాదు. ఆదివారం వెనక వరుసలో కూర్చునే దళిత కుర్రాడి గురించి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను మాత్రం చేర్చలేదు. మతం మారిన దళితుడు మన దగ్గర బీసీ-సి కింద ఒక్క శాతం కోటాలో పడతాడు. 2024 నవంబరులో పుదుచ్చేరి మహిళకు ఎస్సీ హోదా నిరాకరించినప్పుడు సుప్రీంకోర్టు చూసిన సాక్ష్యాల్లో జ్ఞానస్నానం నమోదు ఒకటి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా మతం మారినవారికి వర్తించదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో చెప్పింది. అదే వాడలో, అదే వివక్ష మధ్య బతికేవాడిని నీళ్లలోంచి లేవగానే వేరే మనిషిగా లెక్కకట్టడం అన్యాయం. ఆ ఉత్తర్వు మారి తీరాలి.

మారేదాకా ఆ కుర్రాడు తటపటాయిస్తాడు. అత్తింటి భయంతో ఆగిపోయిన కోడలూ అలాగే కూర్చుని ఉంటుంది. వాళ్లకు పుల్పిట్ మీద నుంచి నరకం చూపించే పాస్టరు, ప్రభుత్వం వేసిన జరిమానా మీద దేవుడి పేరుతో ఇంకో జరిమానా వేస్తున్నాడు. భయపడి మునిగినవాడు మరో సంఘానికి వెళితే, మొదటిచోట నామం సరిగా పలకలేదని అక్కడ మళ్లీ ముంచుతారు. బాప్తిస్మం ప్రభువు ఆజ్ఞ, తీసుకోవాలి, దాని వెల కూడా దాచకుండా చెప్పాలి. తీసుకునేలోపు ఆ కోడలు చనిపోతే సమాధి తోటలో చోటివ్వాలి, ప్రభువునందు నిద్రించిందని పెట్టె దగ్గర నిలబడి చెప్పాలి.